ఎవరి దిక్కు

2023 అక్టోబర్ 10, మంగళవారం. పొద్దున స్టాండప్ కాల్‌లో ఇద్దరం హాఫ్ డే లీవు అడిగాం. నేను "పర్సనల్ వర్క్" అన్నాను. పక్క సీట్లో కూర్చునే భాయ్ మాత్రం "ఉప్పల్ పోతున్నా, మ్యాచ్ ఉంది" అని ఉన్నదున్నట్టు చెప్పేశాడు. మేనేజర్ నవ్వి, "ఓ, ఇవాళ పాకిస్తాన్ మ్యాచ్ కదా" అన్నాడు. శ్రీలంక మ్యాచ్ కూడా అదే. ఆ మాట ఎవరూ అనలేదు. నాకూ తట్టలేదు.

భాయ్ అసలు పేరు ఇక్కడ రాయను. వద్దన్నాడు. ఆఫీసులో అందరూ వాణ్ని భాయ్ అనే పిలుస్తారు. మా బేలో "అన్న" ఉన్నాడు, "మామ" ఉన్నాడు, బ్రోలైతే అడుగడుగునా ఉన్నారు. భాయ్ మాత్రం ఒక్కడే. నాలుగేళ్ళు అలా పిలిచాక, ఈ మ్యాచ్ అయిన తర్వాతే ఆ లెక్క నా బుర్రకెక్కింది.

ఆ ప్రపంచకప్‌లో హైదరాబాద్‌కి మూడు మ్యాచ్‌లు వచ్చాయి. మూడింటిలో ఒక్కటీ ఇండియాది కాదు. 6న పాకిస్తాన్–నెదర్లాండ్స్, 9న న్యూజిలాండ్–నెదర్లాండ్స్, 10న పాకిస్తాన్–శ్రీలంక. చిన్న ఊరి పెళ్ళికి పెద్ద చుట్టాలు రానట్టు మావాళ్ళంతా అలిగారు. పైగా 9, 10 వరసగా రెండు రోజులు బందోబస్తు కష్టమని, తేదీలు మార్చమని ఇక్కడి క్రికెట్ సంఘం అడిగింది. బోర్డు మార్చలేదు. అంతకుముందు సెప్టెంబర్ 29న పాకిస్తాన్–న్యూజిలాండ్ వార్మప్ మ్యాచ్‌ని ప్రేక్షకులు లేకుండానే ఆడించేశారు. గణేశ్ నిమజ్జనం, మిలాద్ ఉన్ నబీ ఒకదాని పక్కన ఒకటి వచ్చాయి, పోలీసులు చాలరు. ఖాళీ కుర్చీల ముందు పాకిస్తాన్ 345 కొట్టింది, న్యూజిలాండ్ దాన్ని కూడా దాటేసింది.

ఏడేళ్ళ తర్వాత పాకిస్తాన్ జట్టు ఇండియాలో అడుగుపెట్టింది మన శంషాబాద్‌లోనే, సెప్టెంబర్ 27 రాత్రి. వీసాలు ఆఖరి నిమిషంలో వచ్చాయి. జట్టుకైతే వచ్చాయి గానీ అభిమానులకు రాలేదు. అమెరికా పాస్‌పోర్టు మీద వచ్చిన ఒకరిద్దరు తప్ప, వాళ్ళ కోసం అరవడానికి వాళ్ళ దేశం నుంచి ఎవరూ లేరు. ఆ రెండు వారాలూ పేపర్లన్నీ బిర్యానీ వాసనే. వార్మప్‌లో ఓడిపోయాక, రోజూ బిర్యానీ తినడం వల్లే ఫీల్డింగ్‌లో నెమ్మదించామేమోనని షాదాబ్ ఖాన్ జోకేశాడు కూడా. మా ఫ్లోర్‌లో ఆ జోకు మొదట వెళ్ళింది భాయ్ దగ్గరికే. "మీవాళ్ళకి ఎక్కడి బిర్యానీ పెడుతున్నార్రా?" అని. వాడు నవ్వుతూ "స్విగ్గీ చూడండ్రి" అన్నాడు. వాడిది యాకుత్‌పురా. ఓల్డ్ సిటీకి మెట్రో లేదు గనక రోజూ ఎంఎంటీఎస్‌లో హైటెక్ సిటీ స్టేషన్‌కొచ్చి, అక్కడి నుంచి షేర్ ఆటోలో ఆఫీసుకొస్తాడు. వాడు వేసవిలో తినే మామిడికాయ పప్పు గురించి ఎవరూ అడగరు. బిర్యానీ గురించి మాత్రం ఎవరికి ఏ అనుమానమొచ్చినా వాడే ఎన్‌సైక్లోపీడియా.

రాయదుర్గంలో మెట్రో ఎక్కాం. దుర్గం చెరువు, మాదాపూర్, అమీర్‌పేట, బేగంపేట... నగరం ఈ చివర నుంచి ఆ చివరకి. "స్టేడియం" అనే పేరుతోనే ఒక స్టేషన్ ఉంటుంది, అక్కడ దిగాలి. తార్నాక దాటాక భాయ్ బ్యాగులోంచి నీలం జెర్సీ తీసి చొక్కా మీద వేసుకున్నాడు. ఇండియా జెర్సీ.

"ఇండియా మ్యాచ్ కాదు కదా?"

"అందుకే," అన్నాడు. కాసేపాగి, "అమ్మీ వేసుకొమ్మన్నది" అన్నాడు.

నాకు అర్థమైందనుకున్నాను. అర్థమైనవాడిలా తలూపాను కూడా.

తటస్థ వేదిక అనే మాట నాకు క్రికెట్ వెబ్‌సైట్ల కంటే ముందు మా నాయిన నోట పరిచయం. ఆయన ఆ మాట అనలేదనుకోండి. "వాళ్ళింట్ల జాగ లేక ఈడ ఆడుకుంటున్నరు" అన్నాడు. మాది జగిత్యాల దగ్గర పల్లె. నాయిన తొమ్మిదేళ్ళు షార్జాలో షటరింగ్ పని చేశాడు. కాంపు గదిలో పది మంది, అందులో ఒకాయన పెషావర్ నుంచి వచ్చిన డ్రైవర్. పఠాను అనేవారు. 2014 జనవరి 17 శుక్రవారం, సెలవు. పఠాను నాయినను షార్జా స్టేడియానికి తీసుకుపోయాడు. పాకిస్తాన్–శ్రీలంక మూడో టెస్టు, రెండో రోజు. గ్యాలరీలో మనుషులకంటే కుర్చీలే ఎక్కువ. నాయినకు క్రికెట్ అంత తెలియదు. ఫోన్లో "ఆట ఎట్లుండె?" అని అడిగితే, "ఆట ఏముందిరా, నీడకు కూసున్నం. ఆయన చాయ్ తాపిచ్చిండు. ఆయన చప్పట్లు కొడితే నేను గుడ గొట్టిన" అన్నాడు. ఆఖరి రోజు, సోమవారం, పాకిస్తాన్ 302 పరుగుల లక్ష్యాన్ని 57.3 ఓవర్లలో కొట్టేసి సిరీస్ సమం చేసింది. అజహర్ అలీ సెంచరీ. టెస్టుల్లో ఆ వేగం మామూలు విషయం కాదు. ఆ రోజు నాయిన సైటు మీద ఉన్నాడు. రాత్రి పఠాను గదిలో అందరికీ మిఠాయి పంచాడట.

కాగితం మీద అది పాకిస్తాన్‌కి సొంతగడ్డ. 2009 నుంచి 2019 దాకా దుబాయ్, అబుదాబి, షార్జాలే వాళ్ళకి ఇల్లు. మిస్బా ఉల్ హక్ కెప్టెన్‌గా 26 టెస్టులు గెలిచాడు, 2016లో జట్టును ప్రపంచ నంబర్ వన్ చేశాడు. సొంత దేశంలో ఒక్క టెస్టుకు కూడా కెప్టెన్సీ చేయలేదు. అన్నేళ్ళు బాగా ఆడిన మనిషి ఆటను అతని సొంతవాళ్ళు టీవీలోనే చూశారు. నాయిన చేసిన పని గురించి కూడా నాకు ఇంచుమించు ఇలాగే తెలుసు. ఆయన కట్టిన బిల్డింగులు నేను వీడియో కాల్‌లోనే చూశాను.

ఇంకో చిన్న సంగతి. షార్జా ఎడారిలో క్రికెట్ పెట్టించినవాళ్ళలో ముఖ్యుడు ఆసిఫ్ ఇక్బాల్. పాకిస్తాన్ కెప్టెన్. పుట్టింది మాత్రం హైదరాబాద్‌లో. ఇక్కడ రంజీ ఆడి, 1961లో అటు వెళ్ళిపోయాడు. మా నాయిన నీడకు కూర్చున్న ఆ గ్యాలరీకి, ఇదిగో ఈ నగరానికి అలా ఒక పాత చుట్టరికం.

పాకిస్తాన్ ఇల్లు పోగొట్టుకున్న కథలో శ్రీలంకే ఉంది. 2008 నవంబర్‌లో ముంబై దాడుల తర్వాత ఇండియా పాకిస్తాన్ పర్యటన మానుకుంది. ఆ ఖాళీలో మేం వస్తామని శ్రీలంక వెళ్ళింది. 2009 మార్చి 3 పొద్దున, లాహోర్ గడాఫీ స్టేడియానికి వెళ్తున్న బస్సు మీద కాల్పులు జరిగాయి. ఆరుగురు పోలీసులు, ఇద్దరు పౌరులు చనిపోయారు. ఆటగాళ్ళకు గాయాలయ్యాయి. ఆ సిరీస్‌లో రెండు డబుల్ సెంచరీలు కొట్టిన తిలన్ సమరవీర తొడలోకి బుల్లెట్ దిగింది. డ్రైవర్ మెహర్ ఖలీల్ బస్సు ఆపకుండా స్టేడియంలోకి తోలేశాడు. తర్వాత ఆ పిచ్ పక్కనే హెలికాప్టర్ దిగి జట్టును తీసుకుపోయింది. పదేళ్ళ పైన గడిచాక, 2019 డిసెంబర్‌లో, పాకిస్తాన్‌లో మళ్ళీ టెస్టు ఆడటానికి మొదట వెళ్ళింది కూడా శ్రీలంకే. ఈ రెండు జట్ల మధ్య ఏం జరిగినా మామూలుగా జరగదు.

ఆ రెండు జట్లూ ఇప్పుడు ఉప్పల్లో.

శ్రీలంక టాస్ గెలిచి బ్యాటింగ్ తీసుకుంది. కుశాల్ మెండిస్ వచ్చాడు. నేను చాలా మ్యాచ్‌లు చూశాను, అలా కొట్టడం మాత్రం చూడలేదు. 65 బంతుల్లో సెంచరీ, ప్రపంచకప్‌లో శ్రీలంక తరఫున అదే అతి వేగం. షహీన్ అఫ్రిదీ వేస్తున్నాడన్న మర్యాద కూడా లేదు. భాయ్ ప్రతి బౌండరీకీ లేచి నిలబడ్డాడు. వేళ్ళు నోట్లో పెట్టి ఈల వేశాడు. మెండిస్ 122 దగ్గర అవుటైతే "అరెరే" అని కూర్చుండిపోయాడు. తర్వాత సమరవిక్రమ సెంచరీకి కూడా అంతే. మొత్తం 344.

అదంతా చూస్తూ నేను మనసులో అనుకున్నదేమిటో దాచకుండా రాస్తాను. "పాపం, ఎంత జాగ్రత్తగా ఉన్నాడు" అనుకున్నాను. నీలం జెర్సీ, శ్రీలంకకు చప్పట్లు. చుట్టూ ఇన్ని ఫోన్ కెమెరాలు. నేనైనా అంతే చేసేవాణ్ణి అనుకున్నాను. జాలి పడ్డాను. ఆ జాలి నాకు బాగుంది కూడా.

పాకిస్తాన్ 37కి 2. బాబర్ పోయాడు, ఇమామ్ పోయాడు. భాయ్ వెళ్ళి రెండు సమోసాలు, ఒక థమ్సప్ తెచ్చుకుని ప్రశాంతంగా తిన్నాడు. అది కూడా నటనే అనుకున్నాను.

అక్కడి నుంచి అబ్దుల్లా షఫీక్, రిజ్వాన్. షఫీక్‌కి అది మొదటి ప్రపంచకప్ మ్యాచ్. లాహోర్ దాడి జరిగినప్పుడు తొమ్మిదేళ్ళ పిల్లాడు. ఇద్దరూ కలిసి 176 కొట్టారు. మెల్లగా గ్యాలరీ మారిపోయింది. ముందు మెండిస్ సిక్సర్లకు గంతులేసినవాళ్ళే ఇప్పుడు రిజ్వాన్‌కి గంతులేస్తున్నారు. తెలుగువాళ్ళు, మార్వాడీలు, నైట్ షిఫ్ట్ ఎగ్గొట్టిన బీపీఓ పిల్లలు, సన్‌రైజర్స్ ఆరెంజ్ జెర్సీల వాళ్ళు. రిజ్వాన్‌కి కండరాలు పట్టేసి కిందపడితే నవ్వు, లేచి సిక్స్ కొడితే గోల. స్పీకర్లలోంచి "జీతేగా భాయ్ జీతేగా" అని వినపడింది. ఒక క్షణం తడబాటు. తర్వాత స్టాండ్లలోంచి జవాబు: "పాకిస్తాన్ జీతేగా!"

నేనూ అరిచాను. మొదట చిన్నగా, తర్వాత నరాలు తెగేలా. ఎందుకు అరిచానంటే... లక్ష్యం పెద్దది, ఎవరైనా ఛేజ్ చేసేవాళ్ళ వైపే ఉంటారు, అది ఒకటి. పఠాను తాగించిన చాయ్ గుర్తొచ్చింది, అది రెండోది. ఈ రెండూ ఇంట్లో చెప్పుకునే కారణాలు. అరవకూడని మాటను అంత మందిలో గట్టిగా అరిచి ఏమీ కాకుండా బయటపడటంలో ఒక షోకుంది, ఇది మూడోది. నాలో ఎక్కువగా ఉన్నది ఇదే.

భాయ్ చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

"అరువు భాయ్! ఇక్కడెవరు చూస్తరు?" అన్నాను, వాడి చెవిలో.

వాడు నా వంక చూసి నవ్వాడు. "నువ్వు అరువు. నీకు నడుస్తది."

48.2 ఓవర్లలో 345కి 4. ప్రపంచకప్‌లో అంతకంటే పెద్ద ఛేజ్ అప్పటికి లేదు. 2011లో బెంగళూరులో ఇంగ్లండ్ మీద ఐర్లండ్ కొట్టిన 329 రికార్డు పోయింది. రిజ్వాన్ 131 నాటౌట్. రావల్పిండిలో ఆడుతున్నట్టు అనిపించిందని, జనం రెండు జట్లనూ ఆదరించారని తర్వాత చెప్పాడు. బాబర్ గ్రౌండ్ సిబ్బందికి పాకిస్తాన్ జెర్సీ ఇచ్చాడు. ఆ రాత్రి మెట్రోలో నేను హైదరాబాద్ గురించి చాలా గొప్పగా మాట్లాడాను, బొంగురు గొంతుతో. సరిగ్గా 36 ఏళ్ళ కిందట, 1987 అక్టోబర్ 10నే, ఇదే నగరంలో, ఎల్బీ స్టేడియంలో, జింబాబ్వే కోసం డేవ్ హౌటన్ 142 కొట్టాడు, న్యూజిలాండ్ చేతిలో మూడు పరుగుల తేడాతో ఓడిపోయారు, తెలుసా అని ఫోన్లో చూసి మరీ చెప్పాను. ఈ నగరానికి పరాయివాళ్ళ ఆట చూడటం కొత్త కాదన్నాను. భాయ్ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. సికింద్రాబాద్ ఈస్ట్‌లో దిగిపోయాడు.

మర్నాడు పొద్దున టీమ్ వాట్సాప్ గ్రూపులో ఒక వీడియో పడింది. ఉప్పల్ గ్యాలరీ, "పాకిస్తాన్ జీతేగా" నినాదం. కింద ఒకరు: "మన హైదరాబాదేనా ఇది?" ఇంకొకరు కోపంతో ఎర్రబడ్డ బొమ్మ. మూడో మనిషి: "భాయ్, నిన్న నువ్వు అక్కడే ఉన్నావు కదా, నీ గొంతు వినపడుతోందిరోయ్" అని, పక్కన కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వే బొమ్మలు మూడు. సరదాకే. అన్నీ సరదాకే మా గ్రూపులో. పాలిటిక్స్ వద్దు, మతం వద్దు, ఓన్లీ క్రికెట్ అండ్ ఫుడ్ అని గ్రూపు రూల్స్‌లో రాసి ఉంటుంది. ఎక్కడెక్కడి నుంచో వచ్చి ఇక్కడ కూర్చున్నాం గనక ఇక్కడంతా తటస్థ వేదికేనని మాకో నమ్మకం.

నేను టైప్ చేశాను: "ఆ గొంతు నాది." చూస్తూ కూర్చున్నాను. చెరిపేశాను. పర్సనల్ వర్క్ అని లీవు పెట్టాను కదా, మేనేజర్ కూడా గ్రూపులో ఉన్నాడు, అని ఒక కారణం నాకు నేనే చెప్పుకున్నాను. అది అబద్ధమని అప్పుడూ తెలుసు. పది నిమిషాల తర్వాత భాయే ఒక ఫొటో పెట్టాడు. స్టేడియంలో వాడు, ఒంటి మీద ఇండియా జెర్సీ, బొటనవేలు పైకి. ఆ ఫొటో తీసింది నేను. పక్కన నా మోచెయ్యి ఉండాలి, కత్తిరించి పెట్టాడు. అందరూ దానికి లైకులు కొట్టారు. నేను కూడా కొట్టాను.

స్టాండప్ కాల్‌లో నా వంతు వచ్చింది. గొంతు రాలేదు. "ఏమైంది, జలుబా?" అన్నాడు మేనేజర్.

"అవును," అన్నాను.

సాయంత్రం మైండ్‌స్పేస్ రోడ్డు మీద చాయ్ బండి దగ్గర భాయ్‌ని పట్టుకున్నాను. "సారీ రా. నేను చెప్పాల్సింది. నీకు అరవాలని ఉండి కూడా అక్కడ అరవలేకపోయావు, ఇక్కడేమో..." అని ఏదో అంటున్నాను.

"ఎవరికి అరవాలని ఉండె?"

"అదే, పాకిస్తాన్‌కి..."

వాడు చాయ్ గ్లాసు బండి మీద పెట్టాడు. "నేను శ్రీలంక. చిన్నప్పటిసంది."

నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. వాడి అబ్బాకి అరవింద డిసిల్వా అంటే పిచ్చి. 1996 మార్చి 17, లాహోర్‌లో ప్రపంచకప్ ఫైనల్, ఆస్ట్రేలియా మీద డిసిల్వా 107 నాటౌట్, మూడు వికెట్లు. యాకుత్‌పురాలో పక్కింట్లో టీవీ ముందు కూర్చుని చూశాడట ఆయన. ఇంట్లో ఆ కథ లెక్కలేనన్నిసార్లు విన్నాడు భాయ్. తర్వాత జయసూర్య, సంగక్కర, మలింగ. తెలుస్తోంది కదా, అదే గడాఫీ స్టేడియం. శ్రీలంక కప్పు ఎత్తింది అక్కడే, పదమూడేళ్ళ తర్వాత హెలికాప్టర్ ఎక్కిందీ అక్కడే. 2009లో ఆ వార్త టీవీలో చూసి అబ్బా అన్నం తినలేదన్నాడు.

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వు అడిగినవా?"

నిజమే. నాలుగేళ్ళలో వాడితో వందసార్లు క్రికెట్ మాట్లాడాను. కోహ్లీ, ధోనీ, సన్‌రైజర్స్. ఇండియా లేని మ్యాచ్ వచ్చినప్పుడు నీది ఎవరి దిక్కు అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే ఏం చెబుతాడో నాకు ముందే తెలుసనుకున్నాను. గ్రూపులో ఆ బొమ్మలు పెట్టినవాడూ అదే అనుకున్నాడు. వాడు వెక్కిరించాడు, నేను జాలిపడ్డాను.

"నిన్న మెండిస్ పోయినప్పుడు నా మానాన నన్ను ఏడవనియ్యలే నువ్వు. అరువు భాయ్, అరువు భాయ్ అని ఒకటే గెలుకుడు," అన్నాడు. ఇద్దరం నవ్వాం. నేను కొంచెం ఎక్కువసేపు.

"ఇప్పుడు గ్రూపులో పెడతా. అరిచింది నేనని."

"వద్దు."

"ఎందుకు?"

"ఇప్పుడు పెడితే మళ్ల నా గురించే మాట్లాడుతరు. అయిపోయింది కదా, ఇడువు."

నాలుగు రోజుల తర్వాత అహ్మదాబాద్‌లో ఇండియా పాకిస్తాన్‌ని ఏడు వికెట్లతో ఓడించింది. అవుటై వెళ్తున్న రిజ్వాన్ మీద అక్కడి గ్యాలరీ అరిచిన అరుపుల వీడియో కూడా మా గ్రూపులో పడింది. దాని కింద ఎవరూ మన ఇండియాయేనా ఇది అని రాయలేదు. ఆ మ్యాచ్ కొండాపూర్‌లో నా గదిలోనే చూశాం, ఆరుగురం. బుమ్రా వికెట్ తీసిన ప్రతిసారీ భాయ్ అందరికంటే ముందు లేచాడు. వాడికి బుమ్రా అంటే ఇష్టం కాబట్టి లేచాడా, అందరికంటే ముందు లేవాలి కాబట్టి లేచాడా అని నేను వాడి మొహం వంక చూస్తున్నాను. అలా చూస్తున్నానని వాడికి తెలిసిపోయింది. "మ్యాచ్ చూడు బే," అన్నాడు.

దసరాకి ఊరెళ్ళినప్పుడు నాయినను అడిగాను. షార్జాలో శ్రీలంక, పాకిస్తాన్ ఆడుతుంటే నువ్వు ఎవరి దిక్కుంటివి అని.

"పఠానుది పాకిస్తాన్ కదా," అన్నాడు.

"ఆయన సంగతి కాదు నాయినా, నీది?"

ఆయన కొంచెంసేపు ఆలోచించాడు. "నన్నెవలడిగిండ్రురా అక్కడ," అని బీడీ వెలిగించుకున్నాడు.

ఇదంతా రాస్తానని భాయ్‌కి చెబితే రెండు షరతులు పెట్టాడు. ఒకటి పేరు గురించి. రెండోది, "అందరు రిజ్వాన్ గురించే రాసిండ్రు. నువ్వన్న మెండిస్‌ది రాయి. 122, డెబ్భై ఏడు బాల్స్. 14 ఫోర్లు, 6 సిక్సులు. మళ్ల తప్పు రాస్తవ్, నోట్ చేసుకో."